జేజి మంచం, మూడో మూల

పోయిన నెల్లో ఒక పొద్దున బాల్కనీలో బట్టలు ఆరేస్తా ఉంటే కింద ఇంటి నుంచి ఒక వాసన వచ్చింది. ఎవరో గ్రిల్లుకి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టిస్తా ఉన్నారు. ఆ ఎర్ర రంగు వాసన, దాంట్లో కలిపిన టర్పెంటైన్ వాసన, గాలికి రెండూ కలిసి పైకి వచ్చేసరికి చేతిలో తడి చీర అట్లే పట్టుకోని నిలబడిపోయినా. నేనుండేది తిరపతి బైరాగిపట్టెడలో. ప్రాణం మాత్రం చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా జేజి, అంటే నాయనమ్మ, ఇంటి వెనక వాకిట్లోకి పోయింది. సంక్రాంతికి పది రోజుల ముందు, వేపచెట్టు కింద గోనెసంచులు పరిచి, వాటి మీద విప్పిన ఇనుప మంచం, పక్కన సత్తు గిన్నెలో కిరసనాయిలు, దాంట్లో కోడి ఈక.

ఆ సాయంకాలమే చిన్నాయనకి ఫోన్ చేసినా. ఊరికే, ఆ వాసన గురించి చెప్దామని. ఆయన నా మాట పూర్తి కానీకుండా "మంచి టయానికి చేసినావు పాపా, ఆ వెనక గది పడగొట్టిస్తా ఉండాము, ఆ పాత మంచం ఏం చేద్దామంటావు, పాతినుప సామాన్లోడు ఆదివారం వస్తానన్నాడు, కిలో లెక్కన తీసుకుంటాడంట" అన్నాడు. ఒక్క నిమిషం నోట మాట రాలేదు. దాన్ని ముట్టుకోవద్దు చిన్నాయనా, నేను వస్తా ఉండా, అని మాత్రం అన్నా.

శనివారం పొద్దున్నే చంద్రగిరి, పూతలపట్టు మీదుగా పోయే బస్సెక్కినా. డెబ్బై కిలోమీటర్ల దూరం, రెండు గంటల లోపే. దారి పొడుగునా మామిడి తోపులు. ఆ రెండు గంటలూ ఆ మంచం గురించే తలుచుకుంటా పోయినా, ఇప్పుడు రాసేదంతా దాదాపు ఆ బస్సులో గుర్తొచ్చిందే.

ఆ మంచం ఎట్లా ఉండేదంటే, పిల్లలం మేము ఎక్కాలంటే పట్టె మీద కాలు పెట్టి ఎగబాకాల్సిందే, అంత ఎత్తు. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, వాటి మీద నారింజకాయంత ఇత్తడి గుండ్లు. తలాపి పక్క కమ్మీల మీద నిమ్మకాయంత చిన్న గుండ్లు ఆరు, వాటి కింద అడ్డంగా ఒక ఇత్తడి గొట్టం. కమ్మీలు ఒకదాన్నొకటి దాటే చోటల్లా పువ్వు మాదిరి ఒక ఇనుప ముద్ద. కోళ్ళ కింద, అంటే మంచం కాళ్ళ కింద, పింగాణీ చక్రాలు, తెల్లవి. అందులో ఒకటి నేను పుట్టకముందే పగిలితే దాని చోట్లో చింతకొయ్య చక్రం చెక్కించి పెట్టినారు. పడుకునే చోట ఇనుప పట్టీలు అడ్డం నిలువు అల్లి, కలిసే చోట రివెట్లు కొట్టి ఉండేవి. దాని మీద బూరుగుదూది పరుపు. ఏడాదికోసారి దూదేకులాయన పెద్ద విల్లు భుజానేసుకోని వచ్చేవాడు, వీధి తిన్నె మీద కూర్చోని "టుంయ్ టుంయ్"మని నారి మీటి ఏకుతా ఉంటే దూది అంతా మంచు పడినట్టు లేచేది. ఆ శబ్దం నేను విని ముప్పై ఏళ్ళు దాటిపోయుంటుంది.

తాత ఆ మంచం ఎందుకు కొన్నాడనేది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన నోట మాత్రం ఎవరూ వినలేదు. తాతకి ఒక అన్న ఉండేవాడు. ఆయనకి క్షయ వచ్చింది. మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం ఉంది కదా, 1915లో మొదలైంది, అప్పట్లో దక్షిణాదిలో ఆ జబ్బుకి పేరున్న చోటు. ఇంకా స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు రాని కాలం, మంచి గాలి, తిండి, పడక మీద విశ్రాంతి, అంతే వైద్యం. తాత అన్నకి తోడుగా కొన్నాళ్ళు ఆడ ఉన్నాడు. ఆడ వరసగా ఇనుప మంచాలు, కిటికీలు తెరిచి ఉండే వార్డు. మన ఇళ్ళల్లో నులక మంచాలకి, కొయ్య మంచాలకి నల్లులు పట్టి రాత్రంతా నిద్ర లేకుండా చేస్తా ఉంటే, ఆడ ఒక్క నల్లి లేదంట. ఆయన అన్న ఇంటికి తిరిగి రాలేదు. తాతకి ఉద్యోగం వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడినాక మద్రాసు పోయి మూర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఈ మంచం కొన్నాడు. మా వాళ్ళెవురూ ఇంక నల్లుల మంచం మీద పడుకోకూడదు అన్నాడని జేజి చెప్పేది.

ఆ మూర్ మార్కెట్ ఇప్పుడు లేదు, 1985లో కాలిపోయింది. మద్రాసు సెంట్రల్ పక్కనే ఉండేది కాబట్టి మంచం విప్పి, తాళ్ళతో కట్టి, గోనె చుట్టి రైలెక్కించినాడు. కాట్పాడి దాకా పెద్ద లైను. కాట్పాడిలో దించి చిత్తూరు పోయే చిన్న లైను బండిలోకి మార్చాల. కూలీ ఆయన ఆ ఇత్తడి గుండ్లు చూసి "ఇది యా దొరది సామీ" అని అడిగినాడంట. తాత "నాదే" అన్నాడంట. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు జేజి ప్రతిసారీ నవ్వేది.

దొరల దేశం నుంచి వచ్చిన సరుకే అది. మొన్న రంగు గీకుతా ఉంటే కోడు లోపలి పక్క పోతలో అక్షరాలు తేలినాయి, చివర్లో బర్మింగ్‌హామ్ అని ఒక్కటే చదవడానికి వచ్చింది. 19వ శతాబ్దంలో ఇనుప మంచాలకి, ఇత్తడి మంచాలకి ఆ ఊరు పెట్టింది పేరు. ఆ పువ్వు ముద్దలు ఎట్లా చేసేవాళ్ళో కూడా పెద్దయినాకే తెలిసింది. కమ్మీల్ని వాటి వాటి చోట్లో నిలబెట్టి, కలిసే చోట చుట్టూ రెండు బద్దల అచ్చు బిగించి, కరిగిన పోత ఇనుము పోసేవాళ్ళు. చల్లారేటప్పుడు అది కమ్మీల్ని కరుచుకోని గట్టిపడిపోతుంది. ఆ ముద్దల్లో బోల్టూ లేదు, నట్టూ లేదు. పట్టెలు కోళ్ళకి తగులుకునే చోటు కూడా అంతే. కోడు మీద పైన వెడల్పు, కింద సన్నం ఉండే ఒక గూడు. పట్టె కొసలో అదే ఆకారంలో ఒక నాలిక. పైనుంచి గూట్లోకి దించి ఒక దెబ్బ కొడితే బిగుసుకుంటుంది. మనిషి ఎక్కి పడుకుంటే ఆ బరువుకి ఇంకా బిగుస్తుంది. విప్పాలంటే కింద నుంచి పైకి కొట్టాల. ఇంత సులభమైన, ఇంత గట్టి పనితనం నేను ఇప్పటి మంచాల్లో యాడా చూడలేదు. ఇప్పుడు అలెన్ కీతో బిగించేవి రెండు ఇళ్ళు మారితే కదలడం మొదలుపెడతాయి.

ఏటా సంక్రాంతి ముందర, ఇంటికి సున్నం కొట్టే రోజుల్లోనే మంచం పని కూడా. మా జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలు పడతాయి కదా, జనవరికి గాలి పొడిగా అవుతుంది, ఎండ మంట ఉండదు. రంగు ఆరేదానికి అంతకన్నా మంచి రోజులు లేవు. జేజి ఇదంతా లెక్కేసి చెప్పేది కాదు, "ముక్కోటి పోయినాక విప్పుదాం" అనేది, అంతే.

చిన్నాయన, మా నాయన చెరొక పక్క. కొయ్య సుత్తి. ఇనుప సుత్తి తెస్తే జేజి ఊరుకునేది కాదు, తప్పనిసరి అయితే మధ్యలో చింతచెక్క ముక్క పెట్టాల. ఇనుము మీద ఇనుము పడకూడదు, అది ఆమె మొదటి రూలు. ఏ పట్టె కొస ఏ మూలదనేదానికి ఆకురాయితో గీసిన గాట్లు ఉండేవి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. గూడు మీద ఎన్ని గాట్లో నాలిక మీద అన్ని. మార్చి పెడితే కూర్చోదు, ఒకదాంతో ఒకటి అరిగి అరిగి అవి జోడీలయిపోయినాయి.

విప్పినాక పిల్లల పని మొదలు. కోడి ఈక కిరసనాయిల్లో ముంచి సందుల్లోకి, రివెట్ల కిందికి పెట్టడం. ఇనుప మంచమైనా సరే, పరుపు అంచుల నుంచి దిగి నల్లులు సందుల్లో దాక్కుంటాయని జేజి నమ్మకం, అది నిజమే కూడా, వాటికి కావాల్సింది సందే గానీ కొయ్యా ఇనుమా అని చూడవు. తర్వాత మరిగే నీళ్ళు పోసేవాళ్ళు, వెంటనే తుడిచి ఎండలో పెట్టేవాళ్ళు. తుప్పు లేచిన చోట ఉప్పు కాగితంతో రుద్దడం, ముందు గరుకుది, తర్వాత నున్నంది. మెరిసే ఇనుము కనపడినాక ఇంక ఆగకూడదు, ఆ సాయంకాలం లోపల రెడ్ ఆక్సైడ్ పడాల. రాత్రి మంచుకి అట్లే వదిలేస్తే పొద్దునకి సన్నగా పసుపు చల్లినట్టు మళ్ళీ తుప్పు. దీపాలు పెట్టే వేళకి ఎన్ని కమ్మీలు రుద్దగలమో అన్నే మొదలుపెట్టాలని నాకు అప్పుడే నేర్పించింది.

గూళ్ళ లోపల రంగు వేయకూడదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒక ఏడాది, పన్నెండేళ్ళుంటాయేమో, బ్రష్ నా చేతికిచ్చినారు. బాగా చేద్దామని నాలుగు గూళ్ళ లోపల, నాలికల మీద కూడా మందంగా రంగు కొట్టేసినా. రెండు రోజులు ఆరినాక బిగించబోతే పట్టెలు సగం దిగి నిలబడిపోయినాయి. ఆ రంగంతా గీకేదానికి చిన్నాయనకి ఒక పగలంతా పట్టింది. జేజి నన్ను ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చోబెట్టుకోని ఆముదం గిన్నె ఇచ్చి "గూటికి రంగు కాదు మే, నూనె పెట్టాల" అన్నది. ఆముదమే ఎందుకంటే, నువ్వుల నూనె పెడితే కొన్నాళ్ళకి జిగురు పట్టి దుమ్మంతా అంటుకుంటుంది, కొబ్బరి నూనె కంపు కొడుతుంది, ఆముదం అయితే మళ్ళీ సంక్రాంతికి విప్పినా ఆముదం మాదిరే ఉంటుంది.

ఇత్తడి పని ఆమెది, ఎవరికీ ఇచ్చేది కాదు. చింతపండు పిసికి, కొంచెం ఉప్పేసి, గుడ్డతో రుద్ది వెంటనే కడిగి తుడిచి, ఆఖర్లో విభూతి పొడి గుడ్డతో మెరుగు. నేను ఒకసారి ఒక పెద్ద గుండుకి చింతపండు పూసి ఆడుకోడానికి పోయి రాత్రంతా మర్చిపోయినా. పొద్దునకి అది బంగారు రంగు పోయి రాగి చెంబు మాదిరి ఎర్రగా అయిపోయింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసింది కదా, పులుపు ఎక్కువసేపు ఉంటే పైనున్న జింకుని తినేసి రాగిని మిగులుస్తుంది. అప్పుడు అదంతా తెలియదు, పాడైపోయిందని ఏడ్చినా. జేజి రెండు రోజులు మెత్తటి ఇటుక పొడితో రుద్ది ఆ ఎర్రటి పొర పోగొట్టింది. ఇప్పటికీ ఆ గుండు మీద ఒక పక్క చూపుడువేలంత ఎర్ర మచ్చ ఉంది. నాకు మాత్రమే కనపడుతుంది అనుకుంటా.

మూడో మూల సంగతి చెప్పాల.

మేము ముందు కట్టమంచిలో బాడుగింట్లో ఉండేవాళ్ళం. గ్రీమ్స్‌పేటలో సొంతిల్లు కట్టుకోని మారేటప్పుడు మంచం విప్పిన మనిషి మా వాళ్ళు కాదు, సామాన్లు ఎత్తడానికి వచ్చిన కూలీ. జేజి కొత్తింట్లో పాలు పొంగించే హడావిడిలో ఉంది. అతను సమ్మెట తీసుకోని అడ్డంగా కొట్టినాడు. టంగుమని కాదు, చెట్టు కొమ్మ విరిగినట్టు ఒక శబ్దం. మూడో మూల గూడు పక్క రెండుగా చీలింది. బండిలో తలాపి వచ్చింది, కాళ్ళ పక్క వచ్చింది, గూడు ముక్క తాత జేబులో వచ్చింది.

మొదట ఒక వెల్డింగ్ షాపులో ఇచ్చినారు. కరెంటు వెల్డింగ్ పెట్టినాడు, చూసేదానికి బాగానే ఉంది, ఇంటికి తెచ్చి వాకిట్లో దించుతా ఉండగానే టిక్కుమని, అతుకు పక్కనే ఇంకో గీత పడింది. తర్వాత ఎవరో చెప్తే సంతపేట పక్క గ్యాస్ వెల్డింగ్ చేసే ఒక ముసలి సాయిబు దగ్గరికి పోయినాము. నన్ను కూడా తీసుకుపోయినాడు తాత. ఆ సాయిబు ముక్కని గోటితో కొట్టి విని, విరిగిన చోట బూడిద రంగులో ఉండే పలుకులు చూపించి "ఇది పోత ఇనుము అయ్యా. మామూలు ఇనుము వంగుతుంది, ఇది వంగదు, పగులుతుంది. గాజుకి తమ్ముడు అనుకోండి" అన్నాడు. పోత ఇనుములో బొగ్గు పాలు ఎక్కువ, నూటికి రెండు నుంచి నాలుగు వంతులు. ఒక్క చోట ఒకేసారి వేడి పెడితే అతుకు పక్క పెళుసై, చల్లారి ముడుచుకునేటప్పుడు సాగలేక చీలిపోతుంది. ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ముందు బొగ్గుల మీద మూల మొత్తాన్ని మెల్లగా వేడి చేసినాడు, తొందర లేదు, బీడీ కాలుస్తా మధ్యమధ్యలో తిప్పుతా. తర్వాత వెలిగారం పొడి చల్లి, గ్యాస్ మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి పోసినాడు. ఇత్తడి అయితే పోత ఇనుము కరగాల్సినంత వేడి అక్కర్లేదు, అంతకన్నా రెండు మూడు వందల డిగ్రీలు తక్కువలోనే పని అయిపోతుంది. అయినాక నీళ్ళు పోస్తాడేమో అని చూస్తా ఉంటే, పాత డబ్బాలో బూడిద నిండా పోసి దాంట్లో పాతిపెట్టి "రేపు సాయంకాలం రండి" అన్నాడు.

ఆ అతుకు మళ్ళీ పగల్లేదు. కాకపోతే గూడు ఒక వెంట్రుక వాసి వదులైంది. మనిషి పక్క తిరిగితే మూడో మూల "కిర్రు"మనేది. మిగతా మూడు మూలలూ బిగించేటప్పుడు ఠంగుమనేవి, అది మాత్రం టక్కుమనేది. ఆ కిర్రు మాకు అలవాటైపోయింది. రాత్రిళ్ళు అది వినపడితే తాత మేలుకున్నాడని అర్థం.

తాత చివరి ఏడాది ఆ మంచం మీదే ఉన్నాడు. నిద్ర పట్టేది కాదు ఆయనకి, కొంచెం కదిలితే కిర్రు, ఆ శబ్దానికి పట్టిన నిద్ర కూడా పోయేది. ఆ ఏడు సంక్రాంతికి ఇంక మంచం విప్పరులే అనుకున్నాం అందరం. జేజి ఒప్పుకోలేదు. "విప్పకపోతే అది మనది కాదు, తుప్పుది" అన్నది. పొద్దున్నే తాతని నవారు మంచం మీదికి మార్చి, కిటికీ పక్కన వాకిలి కనపడేట్టు పడుకోబెట్టి, మంచం పని చేయించింది. రాత్రి లోపల మళ్ళీ బిగించాల కాబట్టి ఆ ఏడు రంగు లేదు, తుడవడం, నూనె పెట్టడం వరకే. పట్టెలు దించి కొడతా ఉంటే తాత లోపల నుంచి శబ్దం విని చెప్తా ఉన్నాడు. "ఒకటోది అయింది. రెండోది ఇంకొక దెబ్బ." మూడోదానికి నాయన సుత్తి ఎత్తితే జేజి "నువ్వు పో, కాఫీ తాగి రా, ఇది నేను చూసుకుంటా" అని పంపించేసింది. అప్పుడు మాకు అది పట్టించుకునే మాటలాగా కూడా అనిపించలేదు.

ఆ తర్వాత తాత మూడు నెలలు ఉన్నాడు. ఆ మూడు నెలలూ మంచం కిర్రుమనలేదు. సాయిబు అతుకు ఇన్నాళ్ళకి సర్దుకుంది అనుకున్నాము.

జేజి ఉన్నన్నాళ్ళూ ఏటా విప్పించేది, మూడో మూల తనే బిగించేది. ఆమె పోయినాక ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి. నేను తిరపతిలో, నాయనావాళ్ళు నా దగ్గర, చిన్నాయన ఒక్కడే ఆ ఇంట్లో. మంచం వెనక గదిలోకి పోయింది. దాని మీద పాత పరుపులు, అట్టపెట్టెలు, మిక్సీ డబ్బాలు. గోడ వానాకాలం చెమరుస్తుంది, తలాపి ఆ గోడకే ఆనించి ఉంది. పదిహేనేళ్ళ పైన.

గది తలుపు తీసి చూసినప్పుడు గోడ పక్క కమ్మీలు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి, వేలు పెడితే రేకుల్లాగా రాలినాయి. గుండ్లు నల్లగా. చిన్న గుండ్లలో ఒకటి లేదు. చిన్నాయన నా మొహం చూసి ఇంక పాతినుము మాట ఎత్తలేదు, చొక్కా విప్పి వంకీకి తగిలించి "సుత్తి యాడుందో చూస్తా" అన్నాడు.

ఒకటో మూల కదల్లేదు. రెండోది, నాలుగోది కూడా. కొట్టినా కొద్దీ నాకు భయం, పోత ఇనుము కదా. ఆపేసి, కిరసనాయిలు ఇప్పుడు దొరకదు కాబట్టి డబ్బాలో వచ్చే తుప్పు వదిలించే నూనె కొట్టి, గుడ్డలు తడిపి గూళ్ళ చుట్టూ చుట్టి వదిలేసినాము. పొద్దునా సాయంకాలం మళ్ళీ తడపడం, కింద నుంచి కొయ్యతో మెల్లగా తట్టడం. తట్టడమే ముఖ్యం, ఆ అదురుకి నూనె సందుల్లోకి దిగుతుంది. ఆదివారం పోవాల్సినదాన్ని బుధవారం దాకా ఉండిపోయినా. మూడో మూల జోలికి మాత్రం పోలేదు. అతుకున్న మూల, అది పగిలితే ఆ సాయిబు మాదిరి చేసేవాళ్ళు ఇప్పుడు యాడ దొరుకుతారు. అది ఆఖర్న చూద్దామని పెట్టుకున్నాము.

మంగళవారం నాలుగోది, బుధవారం పొద్దున ఒకటోది, రెండోది వదిలినాయి. ఎర్రటి పొడి రాలింది గుప్పెడు. ఇంక మూడోది. చిన్నాయన పట్టె ఎత్తి పట్టుకున్నాడు, నేను కింద నుంచి చింతచెక్క పెట్టి రెండే రెండు దెబ్బలు కొట్టినా. వచ్చేసింది. నిన్ననే బిగించినట్టు వచ్చేసింది.

గూట్లో తుప్పు లేదు. ఒక పక్కన మడత పెట్టిన గుడ్డ పేలిక, నాలిక ఆకారానికి అణిగిపోయి, చర్మం మాదిరి నల్లగా అయి ఉంది. మెల్లగా బయటికి తీసినా. వాసన చూస్తే ఆముదం. మడత విప్పితే లోపల రంగు కొంచెం మిగిలి ఉంది, నేరేడు పండు రంగు, అంచున సన్నటి జరీ పోగు. ఆ చీర నాకు తెలుసు. తాత ఉన్నప్పుడు జేజి పండగలకి కట్టేది.

చిన్నాయన పట్టె కింద పెట్టి నేల మీద కూర్చున్నాడు. "నేను ఇన్నేళ్ళూ ఆ సాయిబు పని గొప్పది అనుకుంటా ఉన్నా పాపా" అన్నాడు. సాయిబు పని గొప్పదే చిన్నాయనా, అన్నా.

మంచాన్ని చిన్న లారీలో వేసుకోని తిరపతి తెచ్చుకున్నా. ఒక షాపాయన ఇసుక కొట్టి పౌడర్ కోటింగ్ వేస్తా, ఇరవై ఏళ్ళు చూడక్కర్లేదు అన్నాడు. ఆయన పని మంచిదే, కొత్త గ్రిల్లుకి గేటుకి బాగుంటుంది. ఈ మంచానికి వద్దనుకున్నా. ఇసుక దెబ్బకి ఆ పువ్వుల గీతలు అరుగుతాయి, గూళ్ళల్లో మందంగా పౌడర్ పట్టిందంటే మళ్ళీ నా పన్నెండేళ్ళప్పటి కథే.

రంగు మేమే తీసినాము, నేనూ మా అమ్మాయీ. పైన సిల్వర్, దాని కింద పచ్చ, దాని కింద మీగడ రంగు, అన్నిటికన్నా కింద నలుపు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో అది 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదని గట్టి రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అందుకని పొడిగా రుద్దనీలేదు. వాటర్ పేపర్ తడిపి, మూతికి మంచి మాస్కు పెట్టుకోని, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ఆ బురద మొత్తం మూట కట్టినాము. చిన్నప్పుడు మేము ఆ దుమ్ములోనే కూర్చోని బొరుగులు తింటా ఉన్నామని తలుచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఎవరైనా పాత మంచం బాగు చేసుకుంటా ఉంటే దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు, చిన్నపిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

గుండ్లకి మా అమ్మాయి ఫ్రిజ్ మీదుండే అయస్కాంతం పట్టుకొచ్చింది. పెద్దవాటికి, చిన్నవాటికి అతుక్కోలేదు, ఇత్తడే. తలాపి మీది అడ్డ గొట్టానికి టక్కుమని అతుక్కుంది. అంటే ఇనుప గొట్టం మీద పల్చటి ఇత్తడి రేకు చుట్టినారు. ఇన్నేళ్ళూ అది మొత్తం ఇత్తడనే అనుకున్నాము. దాన్ని గట్టిగా రుద్దితే రేకు అరిగి ఇనుము బయటపడుతుంది, కాబట్టి మెత్తటి గుడ్డతో ఏడాదికోసారి, అంతే.

పోయిన చిన్న గుండు మాత్రం కష్టమైంది. పాత ఇత్తడి సామాన్ల అంగట్లో సైజు దొరికింది గానీ లోపలి మర, అంటే స్క్రూ చుట్లు, సరిపోలేదు, రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. లేత్ షాపులో ఒక పెద్దాయన మిగతా గుండు మరకి గేజి పెట్టి చూసి "ఇది విట్‌వర్త్ మరమ్మా, ఇంగ్లీషోళ్ళది" అన్నాడు. దాని కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మన మిల్లీమీటర్ల మరకి 60. బలవంతంగా తిప్పుంటే రెండూ పాడయ్యేవి. ఆయన లోపల ఇత్తడి ముక్క పెట్టి కొత్తగా మర కోసిచ్చినాడు. అది బిగిసినప్పుడు ఆయన మొహంలో సంతోషం చూడాల.

ఒక్కొక్క పక్కా మెరిసేట్టు రుద్దిన రోజే రెడ్ ఆక్సైడ్, రెండు రోజులు ఆగి నలుపు ఎనామిల్ పల్చగా రెండు కోట్లు. అడుగున ఉన్న నలుపే వేసినాము. గూళ్ళల్లో ఏమీ వేయలేదు. కోళ్ళ కింద ఇల్లు తుడిచే నీళ్ళు తగలకుండా రాతి బిళ్ళలు.

నిన్న బిగించినాము. నాయన సోఫాలో కూర్చోని చూస్తా ఉన్నాడు. ఒకటి, ఠంగుమంది. రెండు, నాలుగు. మూడోది పాత పేలిక లేకుండా దించి చూసినా, టక్కుమని అదే శబ్దం. చేత్తో ఊపితే కిర్రు. నేను ఏమీ అనకముందే అమ్మ లోపలికి పోయింది. బీరువా తెరిచిన శబ్దం, కత్తెర శబ్దం. తన పాత వెంకటగిరి చీర అంచు నుంచి జానెడు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆముదంలో ముంచి, పిండి, రెండు మడతలు పెట్టినా. చాల్లేదు. మూడో మడత పెట్టి పట్టె దించినా.